మీకు తెలుసా? నల్గొండ పెట్టిన లోడ్ టెస్ట్

480 మంది, ఒకటే సీటు

మీకు తెలుసా? 1996 లోక్‌సభ ఎన్నికల్లో నల్గొండ స్థానానికి 480 మంది పోటీపడ్డారు. పోటీపడ్డారు అనడం మాటవరసకే. గెలుద్దామని నిలబడ్డవాళ్లు వేళ్ల మీద లెక్కపెట్టేంత మందే. మిగతావాళ్లలో ఎక్కువమంది జలసాధన సమితి పిలుపు మీద నామినేషన్ వేసినవాళ్లు. కృష్ణమ్మ జిల్లా అంచునే పారుతున్నా ఊళ్లకు ఊళ్లు ఫ్లోరైడ్ నీళ్లు తాగి నడుములు వంగిపోవడం మీద నిరసన అది. రోడ్డు మీద ధర్నాకు కూర్చుంటే పోలీసులు లేపేస్తారు. నామినేషన్ వేసి కూర్చుంటే లేపే అధికారం ఎవరికీ లేదు. బ్యాలెట్ కాగితం కాస్తా పుస్తకమైంది. సీటు సీపీఐ అభ్యర్థి బొమ్మగాని ధర్మభిక్షానికి దక్కింది, నల్గొండ నీళ్ల గోడు దేశమంతా తెలిసింది.

కొత్త వెబ్‌సైట్‌ను జనంలోకి వదిలే ముందు సాఫ్ట్‌వేర్ వాళ్లు లోడ్ టెస్ట్ చేస్తారు. ఒక్కసారే వేలమంది వచ్చి మీద పడితే తట్టుకుంటుందా, చతికిలబడుతుందా అని చూడటానికి. నల్గొండ రైతులు ఎన్నికల వ్యవస్థకు పెట్టిన పరీక్ష అచ్చంగా అదే. అదే ఏడాది బెళగావి లోక్‌సభ స్థానంలో 456 మంది, తమిళనాడులోని మొడకురిచ్చి అసెంబ్లీ స్థానంలో 1,033 మంది నిలబడ్డారు. వ్యవస్థ ఏం జవాబిచ్చిందంటారా? ఆ ఏడాదే చట్టం సవరించి లోక్‌సభ డిపాజిట్‌ను 500 రూపాయల నుంచి 10,000కు పెంచారు. ఇప్పుడది 25,000. అప్పట్లో 480 మందికీ కలిపినా 2 లక్షల 40 వేలు దాటని సొమ్ము, ఇవాళ్టి జనరల్ రేటు ప్రకారం కోటీ 20 లక్షలు. లోపం బయటపెట్టినవాళ్లకు టికెట్ ధర పెంచితే లోపం సర్దుకున్నట్టేనా? నా లెక్కలో కాదు.

కొసరుగా ఇంకో సంగతి. పాత తరం ఎం2 ఈవీఎంకు నాలుగు బ్యాలెట్ యూనిట్లే తగిలించగలం. ఒక్కోదానికి 16 మీటలు, అంటే 64 దగ్గర ఆగిపోతుంది. కొత్త ఎం3కి 24 యూనిట్లు తగులుతాయి, నోటాతో కలిపి 384. 2019లో నిజామాబాద్ పసుపు రైతులు మూకుమ్మడిగా బరిలోకి దిగి అభ్యర్థుల సంఖ్యను 185కు చేర్చినప్పుడు ఒక్కో బూత్‌లో 12 యూనిట్లు వరుసగా పేర్చాల్సి వచ్చింది. నల్గొండవాళ్లు మళ్లీ 480 మంది లేచి నిలబడితే ఇప్పటి యంత్రం కూడా చేతులెత్తేస్తుంది, మళ్లీ కాగితం దిక్కు.

ముక్కలు కలిపేదెవరు?

మీకు తెలుసా? ‘ఇది నైపుణ్యంతో ఆడే ఆట’ అని రమ్మీ ప్రకటనల చివర ఊపిరాడకుండా చదివేసేవారే, ఆ మాటకు దన్నుగా నిలిచిన సుప్రీంకోర్టు తీర్పు పుట్టింది మన సికింద్రాబాద్‌లోని ఒక క్లబ్బులోనే. 1963లో క్రెసెంట్ రిక్రియేషన్ క్లబ్ మీద పోలీసులు దాడి చేశారు. ఫస్లీ 1305 నాటి, అంటే నిజాం కాలపు, జూద చట్టం కింద కేసు పెట్టారు. అది ఢిల్లీ దాకా వెళ్లింది. 1967 నవంబరులో సుప్రీంకోర్టు తేల్చిందేమిటంటే, రమ్మీ మూడు ముక్కలాట లాంటిది కాదు, పడిన ముక్కల్ని గుర్తుపెట్టుకోవాలి, దేన్ని ఉంచుకోవాలో దేన్ని పారేయాలో లెక్క చూసుకోవాలి, కాబట్టి నైపుణ్యమే పైచేయి. ఆన్‌లైన్ రమ్మీ కంపెనీలు యాభై ఏళ్ల తర్వాత కూడా ఆ తీర్పునే డాలుగా పట్టుకున్నాయి.

2017లో తెలంగాణ ప్రభుత్వం మొదట ఆర్డినెన్సు, ఆ తర్వాత సవరణ చట్టం తెచ్చి ఆ డాలు లాగేసింది. డబ్బు పెట్టి ఆడితే నైపుణ్యం ఉన్నా లేకున్నా నేరమేనంది. ఇక 2025 ఆగస్టులో పార్లమెంటు ఆన్‌లైన్ డబ్బాటలను దేశమంతటా నిషేధిస్తూ చట్టం చేసింది. లోక్‌సభ 20న, రాజ్యసభ 21న, రాష్ట్రపతి సంతకం 22న. అదే చట్టం ఈ-స్పోర్ట్స్‌కు గుర్తింపు కూడా ఇచ్చింది.

గేములాడేవాణ్ని కాబట్టి నిషేధం మాట వింటే ఒళ్లు మండాలి. ఈ విషయంలో మండలేదు. 1967 తీర్పును నిదానంగా చదివితే అందులో ఇంకో మాట కనిపిస్తుంది. క్లబ్బు నడిపేవాడు ఆట మీద లాభం గుంజుతున్నట్టు రుజువైతే అది నేరమే కావచ్చని కోర్టు అప్పుడే చెప్పింది. కంపెనీలు మొదటి సగం చదివి రెండో సగం మడతపెట్టాయి. పైగా ఆ క్లబ్బులో నలుగురూ ఒక బల్ల చుట్టూ కూర్చున్నారు, ముక్కలు కలిపే చేతులు అందరి కళ్లముందే ఉన్నాయి. ఫోన్‌లో ముక్కలు కలిపేది సర్వర్. పడిన ముక్క గుర్తుపెట్టుకోవడంలో మనం ఎంత మొనగాళ్లమైనా పంచేవాడి చెయ్యి కనిపించనప్పుడు ఏం లాభం?

నాకు కోపం వచ్చేది వేరే చోట. పబ్జీ, రమ్మీ, క్రికెట్ పందెం, చదరంగం యాప్, అన్నింటినీ ఒకే గాటన కట్టి ‘పిల్లలు గేములాడి చెడిపోతున్నారు’ అనేసే దగ్గర. పబ్జీని 2020 సెప్టెంబరులో ఆపింది చైనా యాప్‌ల మీద భద్రతా కారణాలతో. దాని బదులు వచ్చిన బీజీఎంఐ 2022 జులైలో స్టోర్ల నుంచి మాయమై, 2023 మేలో మళ్లీ వచ్చింది. ఇందులో జూదం గొడవ ఎక్కడా లేదు. బస్టాండులో కూర్చుని స్క్వాడ్‌తో అరుచుకుంటున్న పిల్లలు సమయం పోగొట్టుకుంటున్నారేమో గానీ మిత్తికి అప్పు తెచ్చి పోగొట్టుకోవడం లేదు.

కదలని నీడ

మీకు తెలుసా? నల్గొండ పట్టణాన్ని ఆనుకుని ఉన్న పానగల్‌లో, కందూరు చోడుల కాలపు ఛాయా సోమేశ్వరాలయంలో, శివలింగం వెనుక గోడ మీద ఒక స్తంభం నీడ పడుతుంది. పొద్దున చూసినా, సాయంత్రం చూసినా అక్కడే. సూర్యుడు తూర్పు నుంచి పడమటికి పోతుంటే నీడ నిలకడగా ఉండటమేమిటి? గర్భగుడిలోకి ఎండ నేరుగా రాదు, మండపం పక్కల నుంచి చెదిరిన వెలుతురు మాత్రమే వస్తుంది, ఒకటికి మించిన స్తంభాల నీడలు ఒకదాని మీద ఒకటి పడి ఒక్క నీడగా కనిపిస్తాయి అని ఇక్కడి భౌతికశాస్త్రం పంతుళ్లు వివరం చెప్పారు. వెలుతురు వచ్చేది ఆకాశం నుంచే తప్ప సూర్యబింబం నుంచి కాదు. అందుకే సూర్యుడు కదిలినా నీడ కదలదు.

గేమ్ గ్రాఫిక్స్ తెలిసినవాళ్లు ఇక్కడ ఒక్క క్షణం ఆగుతారు. నేరుగా పడే కాంతికి నీడ లెక్కగట్టడం కంప్యూటర్‌కు తేలికే. నాలుగు గోడలకు తగిలి, చెదిరి, మూల దాకా వచ్చిన వెలుతురులో నీడ లెక్కగట్టడమే కష్టం. ఆ పని ఆట నడుస్తుండగానే చేసే రే ట్రేసింగ్ కార్డుల్ని ఎన్విడియా 2018లో మామూలు కొనుగోలుదారులకు తెచ్చింది. కరెంటు బిల్లు లేకుండా ఆ పని చేస్తున్న గుడికి నల్గొండ బస్టాండు నుంచి ఆటోలో పోవచ్చు. మధ్యాహ్నం పోండి, అప్పుడే సందేహం బలంగా కలుగుతుంది.

జ్ఞా

2018 ఫిబ్రవరిలో ఒక తెలుగు అక్షరం ప్రపంచంలోని ఐఫోన్లను పడగొట్టింది. ‘జ్ఞా’. అందరం రోజూ రాసే ‘జ్ఞానం’తో ఏ ఇబ్బందీ లేదు. జకు ఞ ఒత్తు ఇచ్చి, మధ్యలో కంటికి కనిపించని ‘కలపకు’ అనే యూనికోడ్ గుర్తు పెట్టి, చివర దీర్ఘం తగిలిస్తే ఫోన్‌లో అక్షరాలు గీసే ప్రోగ్రాం గల్లంతయ్యేది. ఆ మెసేజ్ వచ్చిన యాప్ తెరిస్తే మూసుకుపోయేది, నోటిఫికేషన్‌గా వస్తే ఫోనే మొరాయించేది. యాపిల్ ఫిబ్రవరి 19న ఐఓఎస్ 11.2.6తో సరిచేసింది. మన లిపి తప్పేమీ లేదు. ఒత్తులూ గుణింతాలూ ఎన్ని రకాలుగా పేరుకుంటాయో పరీక్షించాల్సింది ముందే.

తొమ్మిది వేల సార్లు

మీకు తెలుసా? ఒక్క పట్టుచీరకు ఆసు పోయడానికి చెయ్యి తొమ్మిది వేల సార్లు అటూ ఇటూ తిరగాలి. పోచంపల్లి ఇక్కత్‌లో రంగులద్దేది నేతకు ముందే, నూలు మీదే. డిజైను ఎక్కడ పడాలో అక్కడ దారం కట్టి రంగులో ముంచాలంటే ముందు ఆ నూలును వరుసగా పేర్చుకోవాలి, ఆసు అంటే అదే. ఒక పక్క ఒక మేకు, దానికి ఎదురుగా అర్ధచంద్రాకారంలో మేకుల వరుస. ఇంటి ఆడమనిషి కింద కూర్చుని దాదాపు మీటరు దూరం చెయ్యి చాచి, దారాన్ని ఒక్కో మేకుకు తొడుగుతూ వెనక్కి తెస్తుంది. మళ్లీ చాస్తుంది. చీరకు అయిదారు గంటలు. లెక్క తప్పితే డిజైను చెదురుతుంది కాబట్టి కళ్లు కూడా పక్కకు తిప్పడానికి లేదు. పెళ్లయి వచ్చిన ఏడాదికే భుజం పట్టేసినవాళ్లు ఆ ఊళ్లలో కొల్లలు.

ఆలేరు మండలం శారాజీపేటలో తల్లి లక్ష్మి పడే బాధ చూసి చింతకింది మల్లేశం ఆ పనికి యంత్రం చేయాలనుకున్నారు. చదువు ఆరో తరగతి. 1992లో మొదలుపెట్టారు. ఒక్కో కదలికే సాధిస్తూ, అప్పుల పాలవుతూ, చివరి కదలిక దగ్గర ఆగిపోయారు. హైదరాబాద్ వచ్చి పనిచేస్తుండగా బాలానగర్‌లో ఒక యంత్రం తిరిగే తీరు చూసి అది పట్టేశారు. 1999లో ఆసు యంత్రం పూర్తయింది. దానికి అమ్మ పేరే పెట్టారు, లక్ష్మీ ఆసు యంత్రం. అయిదారు గంటల పని గంటన్నరకు దిగింది. తర్వాత్తర్వాత ఎలక్ట్రానిక్ సర్క్యూట్లు, మైక్రోకంట్రోలర్ కూడా అందులోకి చేరాయి. పల్లె సృజన, నేషనల్ ఇన్నొవేషన్ ఫౌండేషన్ వెన్నుదన్నుగా నిలిచాయి. 2017లో పద్మశ్రీ, 2019లో ఆయన మీద సినిమా.

సినిమాలో చూపించనిది, నాకు అన్నిటికన్నా నచ్చింది, యంత్రం తయారయ్యేదీ బాగుచేసేదీ కూడా ఆలేరులోనే కావడం. బెల్టు తెగితే మెకానిక్ పక్క మండలం నుంచి వస్తాడు. ఇంజినీరింగ్ కాలేజీల్లో ప్రాజెక్టు అంటే చూపించి మార్కులు తెచ్చుకునేది. పాడైనప్పుడు ఎవరికి ఫోన్ చేయాలి అన్న దానికి ఆ రిపోర్టుల్లో పేజీ ఉండదు.

ఊరి పేరు మీద రసాయనం

మీకు తెలుసా? టాంజానియాలో, కెన్యాలో నీటి ఇంజినీర్లకు నల్గొండ పేరు తెలుసు. హైదరాబాద్‌కు వంద కిలోమీటర్ల దూరంలో ఉన్న ఊరిగా కాదు, ‘నల్గొండ టెక్నిక్’గా. నాగపూర్‌లోని నీరీ శాస్త్రవేత్తలు 1970లలో రూపొందించిన ఈ పద్ధతి వంటింటి చిట్కా అంత తేలిక. నీళ్లలో పటిక, సున్నం వేసి గబగబా కలపాలి, తర్వాత మెల్లగా తిప్పాలి. దూదిపింజల్లాంటి తెట్టు పుడుతుంది, ఫ్లోరైడ్‌ను పట్టుకుని అడుక్కి దిగుతుంది. గంట ఆగి పైనున్న తేట నీళ్లు తీసుకోవడమే. క్రిములు చావడానికి కాస్త బ్లీచింగ్. బకెట్‌తో ఇంట్లోనూ చేయొచ్చు, ట్యాంకు కట్టి ఊరంతటికీ చేయొచ్చు.

ఇంత తేలికైతే నల్గొండ బాధ ఎప్పుడో తీరిపోవాలి కదా! తీరలేదు. ఎంత పటిక వేయాలన్నది నీళ్లలో ఫ్లోరైడ్ ఎంతుంది, క్షారం ఎంతుంది అన్నదాన్ని బట్టి మారుతుంది. ఒక బోరుకు సరిపోయిన మోతాదు ఇంకో బోరుకు సరిపోదు. ఎక్కువైతే నీళ్లలో అల్యూమినియం మిగులుతుంది, తక్కువైతే ఫ్లోరైడ్ మిగులుతుంది. అడుగున చేరిన బురదలో విషమే ఉంటుంది, దాన్ని ఎక్కడ పారబోయాలి? రోజూ కొలిచి, కలిపి, కడిగే మనిషి కావాలి, ఆ మనిషికి నెలనెలా జీతం కావాలి. ప్లాంటు ప్రారంభానికి మంత్రులొస్తారు, పటిక బస్తాకు బిల్లు ఎవరు పాస్ చేయాలన్న దగ్గర ఫైలు ఆగుతుంది.

చివరికి జిల్లాకు ఊరటనిచ్చింది రసాయనం కాదు. బోరు నీళ్లు మాని కృష్ణా నీళ్లు తాగడం. గ్రానైటు రాతిలోనే ఫ్లోరైడ్ ఉంది. ఎంత లోతుకు బోరు దించితే అంత రాతి నీళ్లు. తాగునీటి పథకాలు ఒక్కొక్కటిగా వచ్చాయి. 2015లో చౌటుప్పల్‌లో పైలాన్ వేసిన మిషన్ భగీరథ ఆ తర్వాత ఊరూరికీ నల్లా తెచ్చింది. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటకూడదన్న గీత కిందికి చాలా ఊళ్లు అలా దిగాయి. వంకరపోయిన ఎముకలు మాత్రం తిరిగి సరికావు, అందుకే ఆ తరానికి పింఛను కూడా నీటి పథకంలో భాగమేనని నా వాదన.

సాగర్‌లో దాగున్న బ్యాటరీ

మీకు తెలుసా? నాగార్జునసాగర్ ప్రధాన విద్యుత్ కేంద్రంలో ఎనిమిది యంత్రాలుంటే అందులో ఏడు వెనక్కి కూడా తిరుగుతాయి. ఒక్కోటి 100.8 మెగావాట్లు, 1980 నుంచి 1985 మధ్య వచ్చినవి. దేశంలో ఇలాంటి తొలి కేంద్రాల్లో ఇదొకటి. కరెంటు కావలసినప్పుడు నీళ్లు కిందికి వదులుతాయి, కరెంటు మిగిలినప్పుడు అవే నీళ్లను తిరిగి పైకి తోడతాయి. సోలార్ కరెంటు మధ్యాహ్నం పొంగి సాయంత్రానికి ఎండిపోయే ఈ రోజుల్లో అందరూ ఈ పంప్డ్ స్టోరేజీ జపమే చేస్తున్నారు. మనం నలభై ఏళ్ల కిందటే కొని పెట్టుకున్నాం!

కొన్నాం గానీ వాడలేదు. తోడటానికి కింద నీళ్లు నిలవాలి. దానికి దిగువన టెయిల్‌పాండ్ అనే చిన్న ఆనకట్ట కావాలి. సత్రశాల దగ్గర అది లేవడానికి దశాబ్దాలు పట్టింది. అన్నాళ్లూ ఆ ఏడు యంత్రాలు ఒకవైపే తిరిగాయి. ఎగువన శ్రీశైలం ఎడమగట్టు భూగర్భ కేంద్రం కూడా ఈ రకానిదే. ఆరు యంత్రాలు, ఒక్కోటి 150 మెగావాట్లు. 2020 ఆగస్టు 20 రాత్రి అక్కడ మంటలు రేగి తొమ్మిది మంది చనిపోయారు. భూమి కింద కట్టిన చోట పొగ పోయే దారి, మనిషి బయటపడే దారి యంత్రాలతో సమానంగా ముఖ్యం.

కంప్యూటర్ తీసుకుంటలేదు

మీకు తెలుసా? భూమి రికార్డుల సాఫ్ట్‌వేర్ మార్చడానికి తెలంగాణ ఒక చట్టాన్నే మార్చాల్సి వచ్చింది.

2020 అక్టోబరు 29న ధరణి పోర్టల్ మొదలైనప్పుడు నేను సంబరపడ్డవాళ్లలో ఒకణ్ని. ఇవాళ్టికీ అందులోని ఒక ఆలోచనను మెచ్చుకుంటాను. స్లాట్ బుక్ చేసుకుని తహసీల్దార్ ఆఫీసుకు పోతే రిజిస్ట్రేషన్, మ్యుటేషన్ రెండూ ఒకే పూటలో అయిపోవడం. అంతకుముందు మ్యుటేషన్ కోసం చెప్పులరిగేలా తిరిగినవాళ్లకు అది చిన్న విషయం కాదు. చిక్కంతా ఎక్కడంటే, తప్పు లేని రైతుకు పోర్టల్ పరుగెత్తింది, తప్పు పడ్డ రైతుకు గోడైంది. రికార్డుల ప్రక్షాళనలో సర్వే నంబరు తప్పుగా ఎక్కినవాళ్లు, నాలుగెకరాల్లో రెండే కనిపించినవాళ్లు, నిషేధిత జాబితాలో పడ్డవాళ్లు, తెల్లకాగితం మీద సాదా బైనామాతో కొనుక్కున్నవాళ్లు. పాత పహాణీలో అనుభవదారు కాలమ్ ఉండేది, దున్నేది ఎవరో అందులో తెలిసేది. కొత్త దాంట్లో అది తీసేశారు.

మీసేవ కౌంటర్ల దగ్గర ఆ రోజుల్లో వినిపించే సంభాషణ ఇలా సాగేది.

“సారూ, నా భూమి సగం దీంట్ల పడలే. జర సూడుండ్రి.”

“చూసిన్నవ్వా. కంప్యూటర్ తీసుకుంటలేదు. టీఎం 33 పెట్టాలె.”

టీఎం 33 అంటే తప్పుల సవరణకు తర్వాత చేర్చిన మాడ్యూల్. అవ్వకు ఆ నంబరుతో ఏం పని? ఏ మాడ్యూల్ కింద పెట్టాలో తెలియక ఒక దాని బదులు ఇంకో దాని కింద పెడితే అర్జీ తిరస్కరణ, ఫీజు మళ్లీ మొదటినుంచి. ధరణికి ఆధారమైన 2020 చట్టం రెవెన్యూ కోర్టులను ఎత్తేసింది. కింది అధికారి నిర్ణయం నచ్చకపోతే పై అధికారికి చెప్పుకునే మెట్టు లేదు, సివిల్ కోర్టే గతి. ప్రోగ్రాం రాసేవాళ్లు ‘అన్‌డూ’ మీట పెట్టడం మరిచిపోయారని అందరూ తిట్టారు గానీ, నిజానికి వాళ్లు చట్టంలో లేని మీటను స్క్రీన్ మీద ఎక్కడి నుంచి తెస్తారు? చట్టంలో అప్పీలు లేదు, కాబట్టి పోర్టల్‌లోనూ లేదు. తప్పు రాసింది కోడ్‌లో కాదు, గెజిట్‌లో.

2025 ఏప్రిల్ 14న ధరణి స్థానంలో భూభారతి వచ్చింది. కొత్త చట్టంలో ఆర్డీవోకు, ఆపైన కలెక్టరుకు అప్పీలు ఉంది. ప్రయోగాత్మకంగా మొదట నాలుగు మండలాల్లో మొదలుపెట్టారు, వాటిలో ఒకటి నారాయణపేట జిల్లా మద్దూరు, మన పాత పాలమూరే. ఊరూరా రెవెన్యూ సదస్సులు పెట్టి, కాగితం మీద అర్జీలు తీసుకున్నారు. ముందు నాలుగు చోట్ల నడిపి చూసి తర్వాత రాష్ట్రమంతా వదలడం, ఏ చిన్న సాఫ్ట్‌వేర్ కంపెనీలోనైనా మొదటి రోజు నేర్పే పాఠం. మద్దూరు నుంచి వచ్చిన అర్జీలను రకాలవారీగా, ఎన్ని తేలాయి, ఎన్ని ఆగాయి, ఎందుకు ఆగాయి అని పట్టిక వేసి బయటపెడితే కొత్త పోర్టల్‌ను నమ్మడానికి నాకు అంతకన్నా ఏమీ అక్కర్లేదు.

వెనక్కి రాని యంత్రం

మీకు తెలుసా? సొరంగం తవ్వే టీబీఎం వెనక్కి రాలేదు. ముందుకు తవ్వుతూ, తన వెనకే సిమెంటు పలకలతో సొరంగానికి లోపలి గోడ పేర్చుకుంటూ పోతుంది. ఆ గోడ వ్యాసం తవ్వే చక్రం వ్యాసం కన్నా చిన్నది. లోపల ఇరుక్కుంటే ముక్కలుగా కోసి బయటకు తేవాల్సిందే.

శ్రీశైలం జలాశయం నుంచి నల్గొండకు ఎత్తిపోతల అవసరం లేకుండా నీళ్లు పారించాలన్న ఎస్‌ఎల్‌బీసీ సొరంగం పొడవు దాదాపు 44 కిలోమీటర్లు. పైన అమ్రాబాద్ పులుల అభయారణ్యం. మధ్యమధ్యలో నేల మీది నుంచి దారులు దించడానికి వీల్లేదు కాబట్టి రెండు చివరల నుంచి రెండు టీబీఎంలతో తవ్వాలని 2005 ప్రాంతంలో మొదలుపెట్టారు. అడవిని కాపాడాలన్నది సరైన నిర్ణయమే, కానీ దాని వెల లోపల పనిచేసేవాళ్ల మీద పడింది. 2025 ఫిబ్రవరి 22న దోమలపెంట వైపు నుంచి పద్నాలుగో కిలోమీటరు దగ్గర పైకప్పు కూలి, నీళ్లూ బురదా ముంచుకొచ్చి ఎనిమిది మంది చిక్కుకుపోయారు. బయటకు రావడానికి వచ్చిన దారి ఒక్కటే. రెండు మృతదేహాలే దొరికాయి. సైన్యం, ర్యాట్ హోల్ మైనర్లు, కేరళ జాగిలాలు, రోబోలు, అందరూ వచ్చారు.

ఆ తర్వాత టీబీఎం వదిలి పాత పద్ధతిలో పేల్చి తవ్వుదామన్నారు. నేల కింద రాతి తీరు తెలుసుకోవడానికి 2025 నవంబరులో హెలికాప్టర్‌కు విద్యుదయస్కాంత పరికరం వేలాడదీసి ఎన్‌జీఆర్ఐ సర్వే మొదలైంది. ఇరవై ఏళ్ల తర్వాత!

ఊడలమర్రికి సెలైన్

మహబూబ్‌నగర్ పక్కన పిల్లలమర్రికి ఏడు వందల ఏళ్లుంటాయంటారు. మూడెకరాలకు పైగా విస్తరించిన ఈ చెట్టుకు చెదలు పట్టి, కొమ్మలు విరిగిపడుతుంటే 2017 చివర్లో సందర్శకులను ఆపేశారు. కాండానికి రంధ్రాలు చేసి క్లోర్‌పైరిఫాస్ మందు పోస్తే నిలవకుండా కారిపోయింది. అప్పుడు అటవీ శాఖవాళ్లకు ఆసుపత్రి గుర్తొచ్చింది. మందు కలిపిన సెలైన్ సీసాలు కొమ్మలకు వేలాడదీసి, సూది గుండా చుక్కచుక్కగా ఎక్కించారు. బరువుకు వంగిన కొమ్మల కింద సిమెంటు స్తంభాలు నిలబెట్టారు. పెద్ద టెండరు లేదు, పైలాన్ లేదు. ఈ కాలమ్‌లో చెప్పిన వాటన్నింటిలో ఖర్చుకు తగ్గ ఫలితం ఇచ్చింది ఇదేనేమో.

మబ్బు షాద్‌నగర్‌లో

మీకు తెలుసా? పాలమూరు ఆకాశం నుంచి సమాచారం దించుకోవడం డేటా సెంటర్లతో మొదలవలేదు. 1979లోనే షాద్‌నగర్ దగ్గర ఉపగ్రహ సమాచారం అందుకునే కేంద్రం వచ్చింది. అమెరికా ల్యాండ్‌శాట్ చిత్రాలు మొదట అక్కడే దిగాయి. మన దూరసంవేదన ఉపగ్రహాలు తీసిన చిత్రాలు ఇప్పటికీ ఎన్ఆర్ఎస్‌సీ యాంటెన్నాల మీదుగా అక్కడికే వస్తాయి. పంట విస్తీర్ణం, వరద, కార్చిచ్చు, చెరువుల్లో నీళ్లు, ఏ లెక్కకైనా ఆ చిత్రాలే ఆధారం. షాద్‌నగర్ 2016 దాకా మహబూబ్‌నగర్ జిల్లాలోదే. జిల్లాల విభజనలో రంగారెడ్డికి పోయింది.

2022 మార్చిలో మైక్రోసాఫ్ట్ తన హైదరాబాద్ డేటా సెంటర్లను పదిహేనేళ్లలో 15,000 కోట్ల పెట్టుబడితో చందన్‌వెల్లి, ఎల్లికట్ట, కొత్తూరులలో కడతామని ప్రకటించింది. ఎల్లికట్ట, కొత్తూరు రెండూ షాద్‌నగర్ చుట్టుపక్కలవే. ఆ కంపెనీ అధిపతి సత్య నాదెళ్ల పుట్టింది హైదరాబాద్‌లో. 2023 అక్టోబరులో ఆయన హయాంలోనే మైక్రోసాఫ్ట్ 6,870 కోట్ల డాలర్లు పెట్టి యాక్టివిజన్ బ్లిజార్డ్‌ను కొనేసింది, గేమింగ్ చరిత్రలో అదే అప్పటికి అతిపెద్ద కొనుగోలు. నల్గొండలో కూర్చుని ఆ గేములాడేవాడికి జాప్యం ఎన్ని మిల్లీసెకన్లు అన్నదే ప్రాణం, సర్వర్ దగ్గరుంటే అంత మంచిది. అందుకని డేటా సెంటరొస్తే నాకు సంతోషమే.

అయితే సర్వర్లు వేడెక్కుతాయి, చల్లబరచడానికి చాలాచోట్ల నీళ్లు వాడతారు. హైదరాబాద్ తాగే కృష్ణా నీళ్లు వచ్చేది నల్గొండ జిల్లా మీదుగా. సాగర్ జలాశయం అంచున పుట్టంగండి దగ్గర ఎత్తిపోసి, అక్కంపల్లి జలాశయంలో నింపి, కోదండాపూర్‌లో శుద్ధి చేసి నగరానికి పంపుతారు. మొదటి దశ 2004లో, రెండోది 2008లో, మూడోది 2015లో వచ్చాయి. ఒక్కో దశకు రోజుకు 9 కోట్ల గ్యాలన్లు. మిషన్ భగీరథ నల్లాలు రావడానికి చాలా ఏళ్ల ముందే మొదటి పైపు జిల్లాను దాటుకుంటూ వెళ్లిపోయింది. ఇకపై ఏ డేటా సెంటర్‌కు భూమి ఇచ్చినా పెట్టుబడి ఎన్ని కోట్లో చెప్పే వాక్యం పక్కనే రోజుకు ఎన్ని లీటర్లు, ఏ పైపు నుంచి అన్నది కూడా రాయాలి, ఆ కాగితం సెక్రటేరియట్‌లో ఒక ప్రతి, పంచాయతీ ఆఫీసు గోడ మీద ఇంకో ప్రతి అంటించాలి.